ఒకే పేరు, మూడు మోతాదులు: కీళ్ల నొప్పికి ఆస్పిరిన్ ఎంతవరకు పనికొస్తుంది?

“గుండె కోసం రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకుంటూనే ఉన్నాను కదా, మరి మోకాళ్ల నొప్పి ఎందుకు తగ్గడం లేదు?” హైదరాబాద్‌లో ఎముకల డాక్టర్ల దగ్గర, మందుల దుకాణాల ముందు పెద్దవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీన్ని తిరగేసి అడిగేవాళ్లూ ఉన్నారు: “గుండెకే మంచిదని ఇస్తున్న మాత్ర, నొప్పికి ఇంకో రెండు వేసుకుంటే తప్పేముంది?”

ఈ రెండు ప్రశ్నల్లోనూ ఉన్న చిక్కు ఒకటే. ఆస్పిరిన్ అనే పేరు ఒకటే అయినా, మోతాదును బట్టి అది మూడు వేర్వేరు పనులు చేస్తుంది. ఒక మోతాదుకు ఉన్న మంచి పేరును ఇంకో మోతాదుకు అంటగట్టినప్పుడే ప్రమాదం మొదలవుతుంది. వానాకాలంలో డెంగీ, చికున్‌గున్యా కూడా తోడైతే ఈ గందరగోళం ప్రాణం మీదకు రావచ్చు. అందుకే మొదటి నుంచి చూద్దాం.

కీళ్ల నొప్పి అంటే ఏ నొప్పి?

మనం కీళ్లవాతం అని ఒకే మాటతో పిలిచేది నిజానికి చాలా జబ్బుల సమూహం. వాటిలో మూడు ముఖ్యమైనవి.

మొదటిది అరుగుదల. ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థి ఏళ్ల తరబడి దెబ్బతిని, కీలు బిగుసుకుపోయి, మెట్లెక్కినా కింద కూర్చుని లేచినా నొప్పి పుడుతుంది. ఆస్టియో ఆర్థ్రయిటిస్ అనేది దీనినే. రెండోది రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్. ఇందులో శరీరపు రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. వేళ్ల కీళ్లు రెండు చేతులకూ ఒకేలా వాచి, పొద్దున లేచాక చాలాసేపటి వరకు పిడికిలి బిగించడం కూడా కష్టమవుతుంది. మూడోది గౌట్. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, దాని స్ఫటికాలు కీలులో, ఎక్కువగా కాలి బొటనవేలి మొదట్లో పేరుకుని, రాత్రికి రాత్రే భరించలేని మంట పుట్టిస్తాయి.

ఈ తేడా తెలియకుండా ఆస్పిరిన్ పని చేస్తుందా అని అడిగితే సరైన సమాధానం దొరకదు. అరుగుదలలో నొప్పి తగ్గించడమే ప్రధానం. రుమటాయిడ్‌లో నొప్పి తగ్గినా, కీలు లోలోపల కరిగిపోతూనే ఉండవచ్చు. గౌట్‌లోనైతే ఆస్పిరిన్ పరిస్థితిని ఇంకా చెడగొట్టగలదు.

మాత్ర లోపల జరిగేది

విల్లో చెట్టు బెరడులో ఉండే సాలిసిన్ అనే పదార్థంతో ఈ కథ మొదలైంది. స్కాట్లాండ్ వైద్యుడు థామస్ మాక్‌లగన్ 1876లో దాన్ని కీళ్ల జ్వరానికి వాడి ఫలితాలను ప్రచురించాడు. దానికి దగ్గరి రసాయనమైన సాలిసిలిక్ ఆమ్లం నొప్పి తగ్గించేది గానీ కడుపును మండించేది. దాన్ని కాస్త మార్చి, 1897 ఆగస్టు 10న జర్మనీలోని బేయర్ ప్రయోగశాలలో ఫెలిక్స్ హాఫ్‌మన్ శుద్ధమైన ఎసిటైల్ సాలిసిలిక్ ఆమ్లం తయారుచేశాడు. అదే ఆస్పిరిన్. సరిగ్గా పది రోజుల తర్వాత, ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఒకే నెలలో వైద్య చరిత్రను మలుపు తిప్పిన రెండు పనులు జరిగాయని తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో మాత్రం 1971 వరకు ఎవరికీ తెలియదు. ఆ ఏడాది బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ దాన్ని వివరించాడు, అందుకు 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. దెబ్బ తగిలిన చోట, వాచిన కీలులో శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారు చేస్తుంది. నొప్పి, వాపు, ఎరుపు వాటి పనే. వాటిని తయారుచేసే ఎంజైమ్ పేరు కాక్స్. ఆస్పిరిన్ ఆ ఎంజైమ్‌కు శాశ్వతంగా అంటుకుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది.

ఇక్కడే మేలూ కీడూ కలిసి పుడతాయి. కాక్స్‌లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. కాక్స్-2 ఎక్కువగా వాపు ఉన్న చోట పుట్టుకొస్తుంది. కాక్స్-1 మాత్రం ఎప్పుడూ మన శరీరంలో ఉండి కడుపు గోడను ఆమ్లం నుంచి కాపాడుతుంది, రక్తం గడ్డకట్టడానికి ప్లేట్‌లెట్లకు సాయపడుతుంది. ఆస్పిరిన్ రెండింటినీ అడ్డుకుంటుంది, అందులోనూ కాక్స్-1 మీద దాని దెబ్బ గట్టిది. మనం కోరేది మోకాలి వాపు తగ్గడమే అయినా, కడుపు, రక్తం కూడా ఆ దెబ్బ తింటాయి.

75, 600, 3,600: మూడు మోతాదుల లెక్క

గుండె కోసం ఇచ్చే చిన్న మాత్రలో 75 లేదా 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఉంటుంది. మన దగ్గర ఎకోస్ప్రిన్ పేరుతో ఎక్కువ మందికి తెలిసింది ఇదే. ఇంత తక్కువ మందు ఎలా పనిచేస్తుంది? ప్లేట్‌లెట్లకు కేంద్రకం ఉండదు కాబట్టి అవి చెడిపోయిన ఎంజైమ్‌కు బదులు కొత్తది తయారుచేసుకోలేవు. ఒక్కసారి ఆస్పిరిన్ తగిలితే, ఆ ప్లేట్‌లెట్ బతికినంత కాలం, అంటే 7 నుంచి 10 రోజులు, గడ్డకట్టే శక్తి తగ్గిపోయి ఉంటుంది. అందుకే రోజుకో చిన్న మాత్ర చాలు. కీలులోని కణాలు అలా కాదు, గంటల్లోనే కొత్త ఎంజైమ్ తయారు చేసుకుంటాయి. 75 మిల్లీగ్రాములతో మోకాలి నొప్పి తగ్గకపోవడానికి కారణం ఇదే.

నొప్పికి వాడేది రెండో మోతాదు. పెద్దలకు ఒకసారికి 300 నుంచి 900 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకుండా అని వైద్య గ్రంథాలు చెబుతాయి. తలనొప్పికి నీళ్లలో కరిగించి తాగే డిస్ప్రిన్ లాంటి మాత్రలు ఈ కోవలోనివి.

మూడోది వాపును అణచే మోతాదు. ఒకప్పుడు రుమటాయిడ్ రోగులకు రోజుకు 3 గ్రాములు, అంతకు మించి కూడా నెలల తరబడి ఇచ్చేవారు. ఉదాహరణకు రోజుకు 3,600 మిల్లీగ్రాములు అనుకుందాం. అది 75 మిల్లీగ్రాముల గుండె మాత్రలు 48 మింగినట్టు. చిన్న మాత్ర మంచిదే కదా అన్న ధైర్యంతో ఈ మోతాదు జోలికి వెళ్లకూడదని చెప్పడానికి ఈ ఒక్క లెక్క సరిపోతుంది.

మోతాదు పెరిగితే లెక్క ఎందుకు తప్పుతుంది?

చాలా మందులకు రెట్టింపు మోతాదు ఇస్తే రక్తంలో రెట్టింపు చేరుతుంది. ఆస్పిరిన్‌లో అలా జరగదు. శరీరంలో చేరిన కొద్ది నిమిషాల్లోనే అది సాలిసిలేట్‌గా మారిపోతుంది. ఆ సాలిసిలేట్‌ను కాలేయం ఒక పరిమితి వరకే శుద్ధి చేయగలదు. తక్కువ మోతాదులో సాలిసిలేట్ రెండు మూడు గంటల్లో సగానికి తగ్గుతుంది. ఎక్కువ మోతాదులో కాలేయం సామర్థ్యం మించిపోయి, అదే సగం తగ్గడానికి 15 నుంచి 30 గంటలు పట్టవచ్చు.

లెక్క వేసి చూద్దాం. ఒకరు పొద్దున 8 గంటలకు 600 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే వేసుకున్నారు. మూడు గంటలకోసారి సగమైతే 11కు 300, మధ్యాహ్నం 2కు 150, రాత్రి 8కి 40 కూడా మిగలదు. అదే వ్యక్తి ఇప్పటికే రోజుకు నాలుగైదు గ్రాములు వాడుతున్నారనుకుందాం. అప్పుడు పొద్దున వేసుకున్న మందులో సగానికి పైగా రాత్రికి కూడా ఒంట్లోనే ఉంటుంది. దాని మీద మళ్లీ ఇంకో మాత్ర పడుతుంది. నొప్పి తగ్గలేదని ఒకే ఒక్క మాత్ర పెంచినా మందు పేరుకుపోవడానికి కారణం ఇదే. చెవుల్లో హోరు, మాట సరిగా వినపడకపోవడం దీనికి తొలి హెచ్చరికలు. పెద్ద వయసులో వినికిడి ముందే తగ్గి ఉంటే ఈ హెచ్చరిక కూడా తెలియకుండా పోతుంది. ఆ తర్వాత తల తిరగడం, వేగంగా ఊపిరి తీయడం, తికమక మొదలవుతాయి.

కడుపు దగ్గర ఆగాల్సిన చోటు

ఆస్పిరిన్ గురించి ఎక్కువ అపోహలు ఉన్నది ఇక్కడే. “పైన పూత ఉన్న మాత్ర వేసుకుంటున్నాను, కడుపుకు ఏమీ కాదు” అనే మాట చదువుకున్నవాళ్ల నోటా వినిపిస్తుంది. పూత ఉన్న మాత్ర కడుపులో కరగకుండా పేగులోకి వెళ్లి కరుగుతుంది, కాబట్టి మంట తగ్గవచ్చు. కానీ పుండు పడటానికి ముఖ్య కారణం మాత్ర కడుపు గోడకు తగలడం కాదు. రక్తంలో కలిసిన ఆస్పిరిన్ కడుపు గోడను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను ఆపేయడం. అది ఏ దారిన ఒంట్లోకి వెళ్లినా జరుగుతుంది. అన్నం తిన్నాక వేసుకోవడం కూడా మంటనే తగ్గిస్తుంది, పుండు భయాన్ని పూర్తిగా తీసేయదు. పరగడుపున చాయ్‌తో మింగడం కంటే అది మేలన్న మాట మాత్రం నిజం.

ఎవరికి ఎక్కువ ప్రమాదం? అరవై అయిదేళ్లు దాటినవారికి, ఇంతకు ముందు అల్సర్ వచ్చినవారికి, స్టెరాయిడ్లు వాడేవారికి, మద్యం తాగేవారికి, రక్తం పలచన చేసే మందులు వాడేవారికి. ఇంకో కారణం మన దేశంలో చాలామంది పెద్దవాళ్ల కడుపుల్లో ఉండే హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. అల్సర్‌కు అది కారణమని కనిపెట్టినందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఆ క్రిమి, ఆస్పిరిన్ కలిస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. మంచి సంగతి ఏమిటంటే, ఆ క్రిమిని పరీక్షతో గుర్తించవచ్చు, మందులతో తొలగించవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే డెబ్బై ఏళ్ల విశ్రాంత ఉద్యోగి అనుకుందాం. గుండెలో స్టెంట్ ఉంది కాబట్టి ఆస్పిరిన్, రక్తం గడ్డకట్టనివ్వని మరో మందు క్లోపిడోగ్రెల్ కలిసిన మాత్ర వాడుతున్నారు. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు ఇంకో నొప్పి మాత్ర వేసుకుంటారు. బాగా పనిచేస్తుందని ఎవరో చెబితే పేరులేని పొడి కూడా తెచ్చుకున్నారు. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు కలిపిన సందర్భాలు బయటపడ్డాయి. ఆయన దృష్టిలో అది ఒక గుండె మాత్ర, ఒక నొప్పి మాత్ర, ఒక మూలిక. కడుపు గోడ దృష్టిలో అవి నాలుగు దెబ్బలు: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, నొప్పి మాత్ర, పొడిలోని స్టెరాయిడ్. ఇలాంటివారిలో చాలామందికి కడుపునొప్పి రాకుండానే రక్తస్రావం మొదలవుతుంది. ఎందుకంటే వాళ్లు వాడుతున్నది నొప్పి తెలియనివ్వని మందే. తారులా నల్లగా, జిగటగా మలం రావడం, కాఫీ పొడి రంగులో వాంతి కావడం, కారణం లేకుండా నీరసం, ఆయాసం దాని గుర్తులు. ఇనుము మాత్రలు వాడేవారికి కూడా మలం నల్లబడుతుంది కాబట్టి వాటి సంగతి డాక్టర్‌కు చెప్పాలి. కానీ అదే కారణమని ఇంట్లోనే తేల్చేసుకోకూడదు.

గ్యాస్ మాత్రల సంగతేమిటి? పాంటాప్రజోల్ లాంటివి కడుపులో ఆమ్లాన్ని తగ్గించి కడుపు, పేగు మొదటి భాగంలో పుండ్లను బాగా తగ్గిస్తాయి. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి ఆస్పిరిన్‌తో పాటు వాటిని ఇవ్వడం మంచి పద్ధతే. చిన్నపేగు కింది భాగాన్ని మాత్రం అవి కాపాడలేవు. మంట తగ్గించే గులాబీ రంగు సిరప్‌లు ఈ పని చేస్తాయని చెప్పలేం.

ఇతర మాత్రలతో పేచీ

ఇబుప్రోఫెన్ అనే నొప్పి మాత్రతో వచ్చే చిక్కు చాలామందికి తెలియదు. ఆర్టీసీ బస్సులో సీటుకు రుమాలు వేసినట్టు, ఇబుప్రోఫెన్ కాక్స్ ఎంజైమ్‌లో చోటు పట్టుకుంటుంది, కొన్ని గంటలకు దిగిపోతుంది. ఆస్పిరిన్ కూర్చుంటే ఆ సీటు ఇక ఎవరికీ పనికిరాదు. ముందే ఇబుప్రోఫెన్ ఉంటే ఆస్పిరిన్‌కు చోటు దొరకదు. రక్తంలో ఆస్పిరిన్ సగం తరగడానికి పావుగంట, ఇరవై నిమిషాలు చాలు కాబట్టి చోటు ఖాళీ అయ్యేవరకు అది ఆగదు. ఫలితంగా గుండె కోసం వేసుకున్న చిన్న మాత్ర ఆ రోజు వృథా కావచ్చు. పొద్దున 8కి ఇబుప్రోఫెన్, 8.15కి ఆస్పిరిన్ వేసుకుంటే జరిగేది ఇదే. మామూలు ఆస్పిరిన్ తర్వాత కనీసం అరగంట ఆగి ఇబుప్రోఫెన్ వేసుకోవాలని, లేదా ఇబుప్రోఫెన్ తర్వాత ఎనిమిది గంటలు ఆగాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెబుతోంది. పూత ఉన్న ఆస్పిరిన్ నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి దానికి ఈ గంటల లెక్క వర్తించదు.

రక్తపోటు మాత్రల దగ్గర మూత్రపిండాలకు ముప్పు ఉంది. టెల్మిసార్టాన్ లేదా రామిప్రిల్, దానికి తోడు మూత్రం ఎక్కువ పోయించే మాత్ర, ఆపై నొప్పి మాత్రలు పెద్ద మోతాదులో. ఈ మూడూ కలిసి కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. హైదరాబాద్ ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇది మరింత ప్రమాదం. రక్తం పలచన చేసే వార్ఫరిన్‌తో రక్తస్రావం, రుమటాయిడ్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్‌తో, పెద్ద మోతాదు ఆస్పిరిన్ వాడితే, ఆ మందు ఒంట్లో పేరుకోవడం మిగతా చిక్కులు.

ఒంటికి రాసుకునే బామ్‌ను ఎవరూ మందుగా లెక్కపెట్టరు. లేబుల్ మీద మిథైల్ సాలిసిలేట్ అని గానీ గంధపుర తైలం అని గానీ ఉంటే అది ఆస్పిరిన్ బంధువే. చర్మం గుండా కొంత లోపలికి వెళ్తుంది. వార్ఫరిన్ వాడేవారు రోజూ ఒళ్లంతా మర్దనా చేసుకుంటే రక్తం అతిగా పలచబడవచ్చు. శుద్ధమైన గంధపుర తైలం ఒక్క చెంచాలో దాదాపు 7 గ్రాముల సాలిసిలేట్ ఉంటుంది. చిన్నపిల్లలు పొరపాటున తాగితే ప్రాణాంతకం. ఇంట్లో పసివాళ్లుంటే ఆ సీసా ఉండాల్సింది తాళం వేసిన అలమరలో.

వానాకాలపు కీళ్ల నొప్పి వేరు

జులై నుంచి నవంబరు వరకు నగరంలో జ్వరంతో పాటు ఒళ్లంతా, కీళ్లన్నీ నొప్పులు వస్తే అది పాత మోకాలి నొప్పి తిరగబెట్టడం కాకపోవచ్చు. 2006లో ఉమ్మడి రాష్ట్రాన్ని కుదిపేసిన చికున్‌గున్యా కీళ్లను నెలల తరబడి పట్టి ఉంచగలదు. డెంగీ కూడా మొదటి రోజుల్లో అలాగే కనిపిస్తుంది. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గిపోతాయి. మిగిలిన కాసిన్ని ప్లేట్‌లెట్లను కూడా ఆస్పిరిన్ పనికిరాకుండా చేస్తుంది, దాని ప్రభావం రోజుల తరబడి ఉంటుంది. అందుకే డెంగీ కాదని తేలేవరకు జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దని వైద్యులు ఒక్క గొంతుతో చెబుతారు. జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులే డెంగీలో ప్రమాదకరమైన ఘట్టం అన్నదీ గుర్తుంచుకోవాలి. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఆ రోనాల్డ్ రాస్ పేరే పెట్టారు. అక్కడికి వచ్చే జ్వరపీడితులకు ఈ ఒక్క జాగ్రత్త ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

స్టెంట్ ఉన్నవారికి డెంగీ వస్తే? వాళ్లు గుండె మాత్రను సొంతంగా ఆపకూడదు, కొనసాగించనూ కూడదు. ప్లేట్‌లెట్ల సంఖ్య చూసి గుండె డాక్టర్ నిర్ణయించాల్సిన విషయం అది.

పదహారేళ్లలోపు పిల్లలకు జ్వరంలో ఆస్పిరిన్ ఇస్తే, కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రైస్ సిండ్రోమ్ అరుదుగా వస్తుంది. ముక్కులో కండలు పెరిగే ఆస్తమా రోగుల్లో కొందరికి ఒక్క మాత్రతోనే ఊపిరి ఆగినంత పని అవుతుంది. గౌట్ ఉన్నవారికి తక్కువ మోతాదు ఆస్పిరిన్ యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుంది. అయినా గుండె జబ్బు ఉంటే సాధారణంగా ఆ మాత్రను కొనసాగించి, యూరిక్ ఆమ్లాన్ని వేరే మందుతో అదుపు చేస్తారు. గర్భిణులకు డాక్టర్ కొన్నిసార్లు చిన్న మోతాదు ఇస్తారు గానీ నొప్పి మోతాదు మంచిది కాదు.

అయితే ఏది మేలు? భిన్నమైన వాదనలు

ఆస్పిరిన్‌ను సమర్థించేవారి మాటల్లో బలముంది. అది చవక. శతాబ్దానికి పైగా వాడుకలో ఉంది, దాని గుణదోషాలన్నీ తెలుసు. కాక్స్-2ను మాత్రమే అడ్డుకునే మందులు కడుపుకు సురక్షితమని వచ్చినప్పుడు అందరూ ఆశపడ్డారు. కానీ 2004లో వాటిలో ఒకటైన రోఫెకాక్సిబ్ అనే మందు గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని మార్కెట్ నుంచి వెనక్కు తీసుకున్నారు. డైక్లోఫెనాక్‌కూ గుండె విషయంలో ఆ మచ్చ ఉంది. ఆస్పిరిన్‌కు ఆ మచ్చ లేదు.

ఎదుటి వాదన ఇంకా బలమైనదని నాకు అనిపిస్తుంది. వాపు తగ్గేంత మోతాదులో ఆస్పిరిన్‌కు కడుపు చెల్లించే మూల్యం ఎక్కువ. మందు పేరుకుపోయే గుణం వల్ల మోతాదును అదుపులో ఉంచడం కష్టం. మోకాలి అరుగుదలకు ఇప్పటి మార్గదర్శకాలు పూత మందుకు, అంటే డైక్లోఫెనాక్ లాంటి జెల్‌కు ముందు చోటిచ్చాయి. రాసిన చోట పనిచేస్తుంది, రక్తంలోకి తక్కువ చేరుతుంది. తొడ కండరాలకు వ్యాయామం, బరువు తగ్గడం వాటికి పునాది. పారాసిటమాల్ మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శక సంస్థ 2022లో అరుగుదలకు దాన్ని మామూలుగా ఇవ్వవద్దని చెప్పింది, ఎందుకంటే దాని ఫలితం చాలా స్వల్పం. కానీ కిడ్నీ జబ్బు, అల్సర్, గుండె జబ్బు మూడూ ఉన్న వృద్ధురాలికి వేరే మాత్ర ఏదీ భద్రం కానప్పుడు మన డాక్టర్లు దాన్నే ఎంచుకుంటారు. అది అర్థం చేసుకోదగ్గ నిర్ణయం.

రుమటాయిడ్ విషయంలో వాదన దాదాపు ముగిసిపోయింది. ఆస్పిరిన్‌తో నొప్పి తగ్గినా కీళ్ల వంకరలు ఆగలేదు. 1988లో అమెరికాలో మెథోట్రెక్సేట్‌కు ఆ జబ్బుకు అనుమతి వచ్చాక చికిత్స తీరే మారిపోయింది. చేతివేళ్ల వాపును నెలల తరబడి నొప్పి మాత్రలతో నెట్టుకొస్తే, కీళ్లను కాపాడుకోగల తొలి కాలం చేజారిపోతుంది. నిమ్స్ లాంటి చోట్ల రుమటాలజీ విభాగాలు ఉన్నది ఈ గుర్తింపు ముందుగా జరగడానికే.

మోకాలి ఆపరేషన్ ముందు, తర్వాత

మోకీలు మార్పిడికి వెళ్లేవారికి చివరి చిక్కుముడి ఎదురవుతుంది. నొప్పికి వాడుతున్న ఆస్పిరిన్‌ను ఆపరేషన్‌కు వారం ముందే ఆపమంటారు, కొత్త ప్లేట్‌లెట్లు పుట్టడానికి అంత సమయం పడుతుంది కాబట్టి. స్టెంట్ కోసం వాడుతున్న చిన్న మాత్రను ఆపితే మాత్రం స్టెంట్‌లో గడ్డ కట్టే ప్రమాదం ఉంది. అందుకే దాన్ని కొనసాగించాలా వద్దా అని సర్జన్, మత్తు డాక్టర్, గుండె డాక్టర్ కలిసి తేలుస్తారు. ఇక ఆపరేషన్ అయ్యాక కాళ్ల సిరల్లో గడ్డలు కట్టకుండా కొందరు సర్జన్లు ఇచ్చే మందుల్లో ఆస్పిరిన్ ఒకటి. వారం కిందట ఆపమన్న మాత్రనే మళ్లీ చీటీ మీద రాస్తే పొరపాటున రాశారనుకుని మానేసినవారికి ఊపిరితిత్తుల దాకా గడ్డ వెళ్లే ముప్పు పెరుగుతుంది. ఆ మాత్ర నొప్పికి రాసింది కాదు. ఎన్ని రోజులు, ఎంత మోతాదు అన్నది ఇంటికి పంపేటప్పుడే అడిగి తెలుసుకోవాల్సిన సంగతి.